ఆగినవాళ్ళకు ఏం దొరికింది? కొత్త ప్రాసెసర్ కోసం ఎదురుచూపుల చరిత్ర

 కొంచెం పెద్ద పోస్టు. లాప్‌టాప్ కోసం డబ్బులు దాచుకుంటున్నవాళ్ళు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా హాస్టల్లో ఏటా ఒకే మాట నడుస్తుంది. కాఫీ డబ్బులు చేతికొచ్చినప్పుడో, స్కాలర్‌షిప్ పడినప్పుడో, ఇంట్లో అన్న పనికెళ్ళి పంపినప్పుడో ఎవరో ఒకరు లాప్‌టాప్ మాట ఎత్తుతారు. వెంటనే పక్కనుంచి ఇంకొకరు "ఇప్పుడు కొనకురా, రెండు నెలల్లో కొత్త ప్రాసెసర్ వస్తుంది, ఆగు" అంటారు. రెండు నెలలు గడుస్తాయి, కొత్తది వస్తుంది. ఈలోపే దాని తర్వాతి దాని గురించి వార్తలు మొదలవుతాయి. డబ్బులు మాత్రం అలాగే ఉండవు. ఇంట్లో జ్వరానికో, చెల్లి ఫీజుకో, ఇంటి మీద రేకులకో అయిపోతాయి.

ఈసారి మా రూములో ముగ్గురికి ఈ ప్రశ్న వచ్చింది. ఒకరిది బీఎస్సీ కంప్యూటర్స్, ఒకరిది బీకామ్, ఒకరిది బీఏ హిస్టరీ. రాత్రి పన్నెండింటిదాకా వాదించుకున్నా తేలలేదు. చివరికి హిస్టరీ పద్ధతిలోనే చూద్దామనుకున్నాం. ఇదివరకు ఇలా ఆగినవాళ్ళకు చివరికి ఏం దొరికింది? ఆగడం ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం అయింది? చదివి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాం.

ఆగితే మంచిదన్న నమ్మకం ఎక్కడిది

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1965 ఏప్రిల్‌లో అమెరికాలో గోర్డన్ మూర్ అనే ఇంజనీర్ "ఎలక్ట్రానిక్స్" అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఒక చిప్ మీద పట్టే భాగాల సంఖ్య ఏడాదికి రెట్టింపు అవుతోందని, ఇంకో పదేళ్ళు ఇలాగే నడుస్తుందని అందులో అంచనా వేశాడు. 1968లో ఆయనే రాబర్ట్ నోయిస్‌తో కలిసి ఇంటెల్ కంపెనీ పెట్టాడు. 1975లో లెక్క సవరించి, రెండేళ్ళకోసారి రెట్టింపు అన్నాడు. దాన్నే అందరూ మూర్ సూత్రం అంటారు. న్యూటన్ సూత్రంలా ప్రకృతి పెట్టిన నియమం కాదిది. కంపెనీలు దీన్ని గడువులాగా నెత్తిన పెట్టుకుని పనిచేశాయి కాబట్టి నిజమవుతూ వచ్చింది.

చిప్ మీద ఉండే ట్రాన్సిస్టర్ అంటే ఒక చిన్న స్విచ్ అనుకోండి. 1971లో ఇంటెల్ 4004 అనే చిప్‌లో ఇవి దాదాపు 2,300. 1978లో వచ్చిన 8086లో 29,000. 1985లో 386లో 2 లక్షల 75 వేలు. 1989లో 486లో దాదాపు 12 లక్షలు. 1993లో పెంటియమ్‌లో 31 లక్షలు. ఆ పెంటియమ్ తయారీలో ముఖ్యుడు పుణెలో పుట్టిన వినోద్ ధామ్.

వేగం కూడా అలాగే పెరిగింది. 1989లో 486 మొదలైనప్పుడు దాని వేగం 25 మెగాహెర్ట్జ్. 2000 మార్చిలో ఏఎండీ, ఇంటెల్ కంపెనీలు రెండు రోజుల తేడాతో 1 గిగాహెర్ట్జ్ చిప్‌లు ప్రకటించాయి. అంటే 11 ఏళ్ళలో 40 రెట్లు. అలాంటి కాలంలో "ఏడాది ఆగు" అన్న సలహాలో అర్థం ఉంది. మన సీనియర్లకు వాళ్ళ సీనియర్ల నుంచి వచ్చింది ఆ కాలపు సలహానే. కాలం మారింది కానీ సలహా మారలేదు.

ఆగడానికి కూడా ఒక లెక్క ఉంది

1999లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన కొందరు ఖగోళశాస్త్రం వాళ్ళు ఈ ప్రశ్న మీదే ఒక చిన్న పేపర్ రాశారు. సరదాగా రాసిందే గానీ లెక్క మాత్రం నిజం. కంప్యూటర్ నెలల తరబడి చేయాల్సిన పెద్ద లెక్క ఒకటి ఉందనుకోండి. ఇవాళే కంప్యూటర్ కొని మొదలుపెడితే మంచిదా, కొన్నాళ్ళు ఖాళీగా కూర్చుని, వేగం పెరిగాక కొని మొదలుపెడితే మంచిదా?

18 నెలలకు వేగం రెట్టింపు అవుతుందనుకుందాం. ఇవాళ్టి కంప్యూటర్ మీద 60 నెలలు పట్టే పని ఉంది. 18 నెలలు ఆగితే అదే పని 30 నెలల్లో అవుతుంది. మొత్తం 48 నెలలు. అంటే ఊరికే కూర్చుని కూడా ఏడాది ముందే పూర్తి చేశాం. ఇక్కడ ఆగడమే లాభం. ఇప్పుడు 20 నెలల పని తీసుకోండి. 18 నెలలు ఆగితే పని 10 నెలల్లో అవుతుంది, మొత్తం 28. అంటే 8 నెలలు నష్టం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో వాళ్ళు తేల్చారు, దాదాపు 26 నెలల దగ్గర. అంతకన్నా పొడవైన పనైతే కొంతకాలం ఆగొచ్చు, పొట్టిదైతే ఇవాళే మొదలుపెట్టాలి.

ఈ లెక్క చూశాక మాకు సగం సందేహం తీరింది. మనం లాప్‌టాప్‌లో చేసే పనుల్లో 26 నెలలు ఆగకుండా నడిచే లెక్క ఏముంది? రికార్డు టైపు చేయడం, ఎక్సెల్ షీటు, పైథాన్ ప్రోగ్రాం, పీడీఎఫ్ చదవడం, ఆన్‌లైన్ క్లాసు, ఉద్యోగానికి దరఖాస్తు. వీటిలో ఆలస్యమయ్యేది చిప్ వల్ల కాదు, మన చేతివేళ్ళ వల్ల, మన నెట్ వల్ల.

ఇంకో సంగతి. వేగం 18 నెలలకు రెట్టింపు కాకుండా, ఏడాదికి 15 శాతమే పెరుగుతుందనుకుని అదే లెక్క మేము మళ్ళీ వేశాం. గీత 26 నెలల నుంచి ఏడేళ్ళు దాటిపోయింది. పెరుగుదల నెమ్మదించిన కొద్దీ ఆగడానికి కారణం తగ్గిపోతుంది.

అరుణాచలంలో పెరిగిన ఆస్‌బోర్న్ కథ

ఎదురుచూపు గురించి కంప్యూటర్ చరిత్రలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ఆ కథలోని మనిషి చిన్నతనం మన దక్షిణాదిలోనే గడిచింది. ఆడమ్ ఆస్‌బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు కావడంతో ఆడమ్ బాల్యం తిరువణ్ణామలైలో, అంటే మనం అరుణాచలం అని పిలిచే చోట సాగింది. 2003లో చనిపోయింది కూడా కొడైకెనాల్‌లోనే.

1981లో కాలిఫోర్నియాలో ఆయన ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ తెచ్చాడు. చేత్తో మోసుకెళ్ళేలా తయారుచేసి అమ్మిన తొలి కంప్యూటర్లలో బాగా ఆడింది ఇదే. బరువు దాదాపు 11 కిలోలు, స్క్రీన్ 5 అంగుళాలు, మెమరీ 64 కిలోబైట్లు, ధర 1,795 డాలర్లు. మన లెక్కలో చింతపండు బుట్టంత బరువు. అయినా విపరీతంగా అమ్ముడుపోయింది.

తర్వాత కంపెనీ ఎగ్జిక్యూటివ్ అనే కొత్త మోడల్ తయారుచేస్తోందని ముందే బయటికి పొక్కింది. దాంతో దుకాణదారులు పాత మోడల్ ఆర్డర్లు ఆపేశారు. "కొత్తది వస్తుందిగా, పాతది ఎందుకు?" అన్నమాట. చేతికి డబ్బు రావడం ఆగిపోయి 1983 సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. రాబోయే సరుకు గురించి ముందే చెప్పి ఇప్పటి అమ్మకాలను చంపుకోవడాన్ని ఇప్పటికీ ఆస్‌బోర్న్ ఎఫెక్ట్ అంటారు.

ఇదొక్కటే కారణం కాదని, కేప్రో లాంటి పోటీ కంపెనీలు, లోపలి నిర్వహణ లోపాలు కూడా దెబ్బతీశాయని తర్వాత రాసినవాళ్ళు ఉన్నారు. చరిత్రలో ఒక్క కారణంతో ఏదీ కూలదని మా హిస్టరీ మేడమ్ చెప్పేదీ అదే. కానీ ఈ కథని అందరూ కంపెనీ వైపునుంచే చెబుతారు. మేము కొనేవాళ్ళ వైపునుంచి చూశాం. ఎగ్జిక్యూటివ్ కోసం ఆగి కొన్నవాళ్ళకు దొరికింది త్వరలో మూతపడబోయే కంపెనీ యంత్రం. 1981లోనే కొన్నవాళ్ళు అప్పటికి రెండేళ్ళుగా దాని మీద పని చేసుకుంటున్నారు.

మాటిచ్చిన చిప్ రానే రాలేదు

2003 జూన్‌లో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ జీ5 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌ను చూపించి, ఏడాదిలోపు అది 3 గిగాహెర్ట్జ్‌కు చేరుతుందని వేదిక మీద చెప్పాడు. అదే జీ5 లాప్‌టాప్‌లోకి కూడా వస్తుందని జనం ఎదురుచూశారు. ఒక ఏడాది అయింది, రెండేళ్ళయింది. 2005 జూన్‌లో జాబ్స్ అదే రకం వేదిక ఎక్కి, 3 గిగాహెర్ట్జ్ ఇవ్వలేకపోయామని, జీ5 లాప్‌టాప్ కూడా తేలేకపోయామని ఒప్పుకుని, ఇక ఇంటెల్ చిప్‌లకు మారుతున్నామని ప్రకటించాడు. ఆ లాప్‌టాప్ ఎప్పటికీ రాలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. అంతకాలం ఆగినవాళ్ళు 2006 జనవరిలో ప్రకటించిన మొదటి ఇంటెల్ మ్యాక్ లాప్‌టాప్ కొన్నారనుకోండి. అందులో ఉన్నది కోర్ డ్యుయో, 32 బిట్ చిప్. అదే ఏడాది చివరికి 64 బిట్ కోర్ 2 డ్యుయోతో తర్వాతి మోడల్ వచ్చేసింది. 2011లో యాపిల్ లయన్ అనే సిస్టమ్ ఇచ్చినప్పుడు ఆ మొదటి కోర్ డ్యుయో యంత్రాలను పక్కన పెట్టేసింది. రెండున్నరేళ్ళు ఆగినా పది నెలల తేడాతో పాతబడ్డారు.

ఇంటెల్ వైపు కూడా ఇదే వరస. పెంటియమ్ 4 చిప్ 2002 నవంబర్‌కే 3 గిగాహెర్ట్జ్ దాటింది. 4 గిగాహెర్ట్జ్ వస్తుందని ప్రకటించి, 2004 అక్టోబర్‌లో అది రద్దు చేశామన్నారు. అప్పటి అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సమావేశంలో సరదాగా మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడిగాడు. సరదా సంగతి ఎలా ఉన్నా విషయం పెద్దది. పాతికేళ్ళుగా నడిచిన పరుగు అక్కడ ఆగింది.

పరుగు ఎందుకు ఆగింది

కారణం వేడి. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్, ఆయన తోటివాళ్ళు 1974లో ఒక సంగతి చెప్పారు. స్విచ్‌లు చిన్నవి చేసుకుంటూ పోతే వాటికి కావలసిన వోల్టేజీ కూడా తగ్గుతుంది. కాబట్టి అదే జాగాలో ఎక్కువ స్విచ్‌లు పట్టించి, ఎక్కువ వేగంతో నడిపినా వేడి అంతే ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఈ వెసులుబాటు మీదే వేగం పెరుగుతూ పోయింది.

2000 దాటాక స్విచ్‌లు ఎంత చిన్నవయ్యాయంటే, ఆఫ్ చేసినా వాటిలోంచి కరెంటు కారడం మొదలైంది. సరిగ్గా బిగించని కుళాయిలాగా. వోల్టేజీ ఇక తగ్గించడం కుదరలేదు. వేగం పెంచితే చిప్ పొయ్యి రాయిలా కాలుతుంది. లాప్‌టాప్‌కు అది మరీ కష్టం, ఒళ్ళో పెట్టుకునేది కదా.

అప్పటినుంచి కంపెనీలు దారి మార్చాయి. ఒకే మనిషిని ఇంకా వేగంగా పరిగెత్తించడం మానేసి ఇద్దరిని, నలుగురిని పనిలో పెట్టాయి. అవే కోర్‌లు. 2005లో రెండు కోర్‌ల చిప్‌లు మామూలు కంప్యూటర్లలోకి వచ్చాయి. కానీ నలుగురు కూలీలను పెట్టినంత మాత్రాన ప్రతి పనీ నాలుగో వంతు సమయంలో అయిపోదు. వరి కోతకు నలుగురు పనికొస్తారు, ఒక్క ఉత్తరం రాయడానికి నలుగురు ఎందుకు? మన రోజువారీ పనుల్లో చాలావాటికి అందుకే కొత్త తరం చిప్ పెద్ద తేడా చూపించదు.

2014 తర్వాత సంగతి ఇంకా స్పష్టం. ఆ ఏడాది ఇంటెల్ 14 నానోమీటర్ అని పేరుపెట్టిన చిప్‌లు తెచ్చింది. తర్వాతి మెట్టు 10 నానోమీటర్. అది 2017కి జరిగిందని 2015లో చెప్పారు. 2017 కూడా దాటింది. 2018లో ఒకే ఒక్క ఐ3 చిప్ వచ్చింది, అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయకుండా ఆపేసి ఉంది. లాప్‌టాప్‌లలో సరిగ్గా దొరకడం మొదలైంది 2019లో. "10 నానోమీటర్ వచ్చాకే కొంటా" అని 2015లో ఒట్టు పెట్టుకున్న విద్యార్థికి ఆ లోపు మూడేళ్ళ డిగ్రీ అయిపోయి ఉంటుంది.

కొత్తది అంటే ఎవరూ వాడి చూడనిది

ఆగి, వచ్చిన రోజే కొనేవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. 1994లో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ పెంటియమ్ చిప్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని కనిపెట్టాడు. నిజంగా అవసరం ఉందని చూపించినవాళ్ళకే మారుస్తామని ఇంటెల్ మొదట అంది. గొడవ పెరిగాక డిసెంబర్‌లో అందరికీ మారుస్తామంది. దానికోసం పక్కన పెట్టిన సొమ్ము 47.5 కోట్ల డాలర్లు. 2011 జనవరిలో కొత్తగా వచ్చిన రెండో తరం కోర్ చిప్‌లతో పాటు ఇచ్చిన చిప్‌సెట్‌లో, హార్డ్ డిస్క్ కలిసే చోట లోపం బయటపడి సరుకు పంపడం ఆపేశారు.

పట్నంలో సర్వీస్ సెంటర్ పక్క వీధిలో ఉన్నవాళ్ళకు ఇది చిన్న ఇబ్బంది. ఘాట్ రోడ్డు దిగి రెండు బస్సులు మారి రావాల్సినవాళ్ళకు ఇది రెండు రోజుల కూలి, ఒక పరీక్ష.

ఆగినవాళ్ళు నెగ్గిన సందర్భాలు

ఒక వైపే చెప్తే అది చరిత్ర కాదు. ఆగడం నిజంగా లాభమైన సందర్భాలు రెండు మాకు బాగా కనిపించాయి.

మొదటిది 2017. ఆ ఏడాది ఆగస్టులో ఇంటెల్ 8వ తరం లాప్‌టాప్ చిప్‌లు ప్రకటించింది. అప్పటిదాకా మామూలు పల్చటి లాప్‌టాప్‌లలో ఐ5 అంటే రెండు కోర్‌లే. ఈ తరంలో అంతే కరెంటుకు నాలుగు కోర్‌లు ఇచ్చారు. ఏఎండీ అదే ఏడాది రైజెన్ చిప్‌లతో గట్టి పోటీకి దిగింది. పోటీ ఉంటేనే కదలిక. దీనికి తోడు 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ గీత సరిగ్గా అక్కడే గీసింది. దాదాపుగా 8వ తరం, ఆపైన ఉన్న ఇంటెల్ చిప్‌లనే ఒప్పుకుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2017 జూన్‌లో 7వ తరం కొన్నవాళ్ళకూ, నాలుగైదు నెలలు ఆగి 8వ తరం కొన్నవాళ్ళకూ అందుకే అంత తేడా వచ్చింది. అయితే ఈ గీత వస్తుందని 2017లో కొనేవాళ్ళకు తెలిసే దారి లేదు.

రెండోది 2020. జూన్‌లో యాపిల్ ఇంటెల్‌ను వదిలి సొంత చిప్‌కు మారుతున్నామని, ఆ ఏడాది చివరికే మొదటిది వస్తుందని చెప్పింది. చెప్పినట్టే నవంబర్‌లో ఎమ్1 వచ్చింది. ఫ్యాన్ లేకుండానే వేగం, రోజంతా బ్యాటరీ. ఆ అయిదు నెలలు ఆగినవాళ్ళు నెగ్గారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి అర్థమైంది. ఆగడం ఫలించినప్పుడు ఎదురుచూసింది నెలలే, ఏళ్ళు కాదు. యాపిల్ విషయంలో రాబోయేది ఏంటో, ఎప్పుడో కూడా ముందే చెప్పారు. వచ్చింది కూడా మామూలు పెరుగుదల కాదు, పద్ధతి మార్పు. మిగతా "వస్తుందట, అదిరిపోతుందట" అన్నవన్నీ పుకార్లే.

ఆగితే ధర తగ్గుతుందా

ఇది కూడా సగమే నిజం. కొత్త మోడల్ వచ్చాక పాత మోడల్ ధర తగ్గడం మామూలే. కానీ మధ్యలో ఏదైనా జరగొచ్చు. 2011 అక్టోబర్‌లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగాయి, చాలా చోట్ల డిస్క్‌ల ధర రెట్టింపు దాకా పోయింది. 2013 మే నెలలో 55 రూపాయల దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 దాటింది. చిప్‌లు మనం బయటినుంచి కొనేవే కాబట్టి ఆ భారం మన మీదే పడుతుంది. 2023 ఆగస్టు 3న లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలని కేంద్రం ప్రకటించింది, మర్నాడే దాన్ని కొన్ని నెలలు వాయిదా వేసింది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల కోసం కొనుగోళ్ళు ఎక్కువై ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ప్రాసెసర్ కోసం ఆగినవాళ్ళకు ర్యామ్ దగ్గర దెబ్బ తగిలింది.

అసలు ఆగగలిగేది ఎవరు

ఇక్కడ మన సంతల సంగతి చెప్పాలి. చింతపండు కొట్టే రోజుల్లో మన తాతలు, అమ్మమ్మలు బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు దిగేవాళ్ళు. సంతలో అందరి దగ్గరా అదే సరుకు, అందుకే ధర తక్కువ. రెండు మూడు నెలలు ఆగితే ధర పెరుగుతుందని వాళ్ళకు తెలియదా? తెలుసు. కానీ ఆగాలంటే సరుకు పెట్టుకునే జాగా ఉండాలి, ఆ నెలల్లో ఉప్పుకీ నూనెకీ డబ్బుండాలి. అవి షావుకారు దగ్గర ఉన్నాయి. అందుకే అతను ఆగాడు, లాభం అతనికి పోయింది. అటవీ ఉత్పత్తులకు సరైన ధర ఇవ్వాలని, దళారుల నుంచి మనవాళ్ళను కాపాడాలని 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టడం వెనక ఉన్న సమస్య ఇదే. ఆగడం అన్నది తెలివికి సంబంధించింది కాదు. గోడౌన్‌కు సంబంధించింది.

లాప్‌టాప్ విషయంలోనూ అంతే. "తర్వాతి తరం కోసం ఆగు" అని వీడియోల్లో చెప్పేవాళ్ళను గమనించండి. వాళ్ళ బల్ల మీద ఇప్పటికే ఒక లాప్‌టాప్ ఉంది. పాతదాని మీద పని చేసుకుంటూ కొత్తదాని కోసం ఆగుతారు. వాళ్ళకు ప్రశ్న, పాత చిప్పా కొత్త చిప్పా అని. మనకు ప్రశ్న, లాప్‌టాప్ ఉండటమా లేకపోవడమా అని. ఈ రెండూ ఒకే ప్రశ్న కాదు. 15 శాతం వేగం తక్కువైన లాప్‌టాప్‌కూ, అసలు లాప్‌టాప్ లేకపోవడానికీ మధ్య తేడాను శాతాల్లో చెప్పలేం.

2020 మార్చిలో కాలేజీలు మూసేసినప్పుడు ఇది మనందరికీ తెలిసొచ్చింది. పాఠాలు ఫోన్లోకి, కంప్యూటర్లోకి పోయాయి. మన ఊళ్ళల్లో సిగ్నల్ కోసం కొండెక్కిన పిల్లల్లో ఇంట్లో ఒక్క ఫోను ఉన్నవాళ్ళు, అదీ లేనివాళ్ళు ఉన్నారు. అప్పుడు ఎవరి చేతిలో ఏ తరం చిప్ ఉందని ఎవరూ అడగలేదు. పరికరం ఉందా లేదా, అంతే.

మేము ఏం తేల్చుకున్నాం

బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాళ్ళకు ఈ సెమిస్టర్‌లోనే ప్రాజెక్టు ఉంది. ల్యాబ్‌లో సిస్టమ్ దొరికేది వంతులవారీగా. అందుకే ఆగకుండా కొత్తదే కొన్నాం, కానీ ఒక తరం వెనకటి చిప్‌తో. మిగిలిన డబ్బు ర్యామ్ 16 జీబీకి పెట్టాం. కొంచెం పాత చిప్ ఉన్నా సరిపడా ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే లాప్‌టాప్ చకచకా నడుస్తుంది. కొత్త చిప్ ఉండి 4 జీబీ ర్యామ్‌తో ఉంటే బ్రౌజర్ తెరిచినా మూలుగుతుంది.

బీకామ్ వాళ్ళకు ట్యాలీ, ఎక్సెల్ చాలు. అందుకని ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ చూశాం. 8వ తరం కంటే పాతదైతే ఎంత చవకైనా వద్దనుకున్నాం, విండోస్ 11 గీత అక్కడుంది కాబట్టి. ఏఎండీ అయితే రైజెన్ 3000 సిరీస్, ఆపైన. కొనేముందు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, కీబోర్డులో అన్ని మీటలూ పనిచేస్తున్నాయో, ర్యామ్ పెంచుకునే వీలుందో దుకాణంలోనే చూసుకున్నాం.

బీఏ వాళ్ళకు మాత్రం ఈ ఏడాది ఆగడమే మేలని తేలింది. కొత్త ప్రాసెసర్ కోసం కాదు. లైబ్రరీ పుస్తకాలు, ఫోను, అప్పుడప్పుడు మా లాప్‌టాప్‌తో పని నడుస్తోంది. పీజీకి వెళ్ళాక రాసే పని పెరుగుతుంది, అప్పుడు కొంటాం. డబ్బు పోస్టాఫీసులో ఉంది. ఒకే రూములో ముగ్గురికి మూడు జవాబులు వచ్చాయి, ఎందుకంటే ముగ్గురి పనీ వేరు.

మీరూ ఈ మూడు ప్రశ్నలు వేసుకుని చూడండి. ఈ సెమిస్టర్‌లో లాప్‌టాప్ లేకపోతే ఆగిపోయే పని ఉందా? ఉంటే ఇవాళే కొనండి. లేకపోతే, రాబోయే మోడల్ గురించి కంపెనీ స్వయంగా తేదీ చెప్పిందా, అది నెలా రెండు నెలల లోపేనా? అవునంటే ఆగండి, అదీ కొత్తది కొనడానికే కాదు, పాతదాని ధర తగ్గుతుందేమో చూడటానికి కూడా. ఆ రెండు నెలలు మీ డబ్బు ఖర్చు కాకుండా ఉంటుందా? ఉండదనిపిస్తే పై రెండు ప్రశ్నలూ వదిలేయండి.

విత్తనానికి అదును ఉంటుందని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వచ్చే ఏడాది ఇంతకన్నా మంచి విత్తనం వస్తుందని ఎవరైనా చెప్తే, ఈ ఏడాది వాన పడ్డ చేను ఎవరూ ఖాళీగా వదిలేయరు. మన డిగ్రీ మూడేళ్ళు, అంటే ఆరు సెమిస్టర్లు. అందులో ఎన్ని మిగిలాయో ముందు లెక్కపెట్టుకోండి. తర్వాత చిప్ సంగతి చూద్దాం.

కొనే ముందు ఏదైనా సందేహం ఉంటే మా ముగ్గురిలో ఎవరినైనా అడగండి, తెలిసినంతవరకు చెప్తాం. సెకండ్ హ్యాండ్ చూడటానికి దుకాణానికి తోడు రమ్మన్నా ఆదివారం వస్తాం.

జోహార్.